సీరియల్ పోర్టులో బైట్లు పంపడం: మీ పాఠానికి ఒక సవరణ

సంపాదకుల వారికి నమస్కారములు.

మీ పత్రికలో విద్యార్థుల పుటలో వరుసగా వస్తున్న ప్రోగ్రామింగు పాఠాలను నేను మొదటినుంచీ శ్రద్ధగా చదువుతున్నాను. వాటిని కత్తిరించి మా ప్రయోగశాలలో గోడకు అంటించి విద్యార్థుల చేత చదివిస్తున్నాను కూడా. బరంపురంలో డిప్లొమా విద్యార్థులకు ఎలక్ట్రానిక్స్ బోధించే నాకు ఆ పాఠాల విలువ బాగా తెలుసు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని మన తెలుగు పిల్లల్లో చాలామంది బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటారు, తెలుగు ఇంట్లో నేర్చుకుంటారు. సాంకేతిక విషయాన్ని సొంత భాషలో చదివే అవకాశం వాళ్లకు మీ పుట వంటి చోటనే దొరుకుతుంది. అందువల్ల అందులో అచ్చయిన మాటను వాళ్లు మరో పుస్తకంతో పోల్చి చూసుకోరు, ఉన్నదున్నట్లుగా నమ్మి ఆచరిస్తారు. తీగ మీద సమాచారాన్ని ఒక్కొక్క బిట్ (సున్నా లేదా ఒకటి) చొప్పున పంపే సీరియల్ పోర్టు ద్వారా పైథాన్ భాషలో పరికరాలకు ఆదేశాలు పంపడంపై ఇటీవల వచ్చిన పాఠంలో ఒక పెద్ద పొరపాటు కనిపించినందున, దాన్ని చూసీ చూడనట్లు వదిలేయడం సబబు కాదనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

పంపదలచుకున్న ఆదేశాన్ని కొటేషన్ గుర్తుల మధ్య స్ట్రింగుగా, అంటే అక్షరాల వరుసగా రాసి, దాన్ని ఎన్‌కోడ్ చేసి (బైట్లుగా మార్చి), పోర్టులోకి పంపే రైట్ అనే ఫంక్షనుకు అందిస్తే చాలునని, ఏ పరికరానికైనా ఇదే పద్ధతి వర్తిస్తుందని ఆ పాఠం చెప్పింది. ఇందులో మొదటి సగం కొన్ని పరికరాలకు నిజమే. లారీలను తూచే వేబ్రిడ్జి ఇండికేటర్లు చాలావరకు బరువును మామూలు అక్షరాల్లోనే పంపుతాయి, మోడెములు అక్షరాల్లో రాసిన ఆదేశాలనే అర్థం చేసుకుంటాయి, జీపీఎస్ రిసీవర్లు కూడా సాధారణంగా కామాలతో విడదీసిన వాక్యాలనే ఇస్తాయి. కానీ మా విద్యార్థులు చదువు ముగించి పనిలో చేరే చోట్ల, అంటే రాయగడ దగ్గరి కాగితపు మిల్లు, తేరుబలి ఫెర్రో అల్లాయ్ కర్మాగారం, దామన్‌జోడి అల్యూమినా శుద్ధి కర్మాగారం వంటి చోట్ల ఎదురయ్యే విద్యుత్ మీటర్లు, ఉష్ణోగ్రత కంట్రోలర్లు, మోటారు డ్రైవులలో ఎక్కువ భాగం అక్షరాలతో పనిచేయవు. వాటికి కావలసింది ఒక్కొక్క బైటులో పట్టే, సున్నా నుంచి 255 వరకు ఉండే సంఖ్యలు. వాటికి స్ట్రింగు పంపితే ఏమి జరుగుతుందో ఆ పాఠంలో ఒక్క మాట కూడా లేదు.

తీగ మీద ఏమి ప్రయాణిస్తుందో ముందుగా చెప్పవలసి ఉంది. 1960లో అమెరికాలో రూపొందిన ఆర్‌ఎస్-232 ప్రమాణమైనా, 1983లో వచ్చిన ఆర్‌ఎస్-485 అయినా విద్యుత్ సంకేతాల గురించే చెబుతాయి గాని వాటి అర్థం గురించి చెప్పవు. సాధారణమైన అమరికలో ఒక స్టార్ట్ బిట్, ఎనిమిది డేటా బిట్లు, ఒక స్టాప్ బిట్ కలిసి మొత్తం పది బిట్లు ఒక బైటును మోసుకుపోతాయి. 9600 బాడ్, అంటే సెకనుకు 9600 బిట్ల వేగంలో సెకనుకు 960 బైట్లు వెళ్లగలవు. ఆ ఎనిమిది బిట్లలో ఉన్నది 65 అయితే దాన్ని ఇంగ్లీషు పెద్ద ‘ఎ’ (A) అక్షరంగా చదువుకోవాలా, 65 డిగ్రీలుగా చదువుకోవాలా అన్నది అవతలి పరికరం నిర్ణయించుకుంటుంది. కాబట్టి విద్యార్థికి మొదట సంఖ్యను పరిచయం చేసి, ఆ తరువాతే అక్షరాన్ని పరిచయం చేయాలి. మీ పాఠం ఈ క్రమాన్ని తలకిందులు చేసింది.

ఒక్క ఉదాహరణతోనే ఈ విషయాన్ని పూర్తిగా చూపవచ్చు. పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి మోడికాన్ సంస్థ 1979లో ప్రవేశపెట్టిన మోడ్‌బస్ పద్ధతి నేటికీ కర్మాగారాల్లో విస్తారంగా వాడుకలో ఉంది. ఆ పద్ధతిలో మొదటి నంబరు మీటరును పది రిజిస్టర్ల (అది కొలతలను దాచుకునే గడుల) విలువలు చెప్పమని అడగాలంటే 1, 3, 0, 0, 0, 10, 197, 205 అనే ఎనిమిది బైట్లను ఇదే వరుసలో పంపాలి. మొదటి 1 మీటరు చిరునామా, 3 అంటే రిజిస్టర్లను చదవమనే ఆజ్ఞ, తరువాతి రెండు సున్నాలు మొదలుపెట్టవలసిన రిజిస్టరు, ఆ తరువాతి 0, 10 కలిపి ఎన్ని రిజిస్టర్లు కావాలో చెబుతాయి. చివరి రెండు బైట్లు ముందున్న ఆరింటినీ లెక్కకట్టి తేల్చిన సీఆర్‌సీ, అంటే మార్గమధ్యంలో ఏదైనా చెడిందేమో మీటరు సరిచూసుకోవడానికి ఉద్దేశించిన విలువ. చూడడానికి సాదాసీదాగా ఉన్న ఈ ఎనిమిది బైట్లలో, అక్షరాల పద్ధతి చేయగల దాదాపు అన్ని రకాల నష్టాలకూ చోటుంది.

పాఠంలో చెప్పినట్లు ఈ సంఖ్యలను స్ట్రింగులో ఇరికించి ఎన్‌కోడ్ చేస్తే, పైథాన్ వాటిని అక్షరాలుగా భావించి, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలోకి మారుస్తుంది. ఆ పద్ధతిలో 127 వరకు ఉన్న విలువలు ఒక్కొక్క బైటుగానే మిగులుతాయి, కానీ 128 నుంచి 255 వరకు ఉన్న ప్రతి విలువా రెండు బైట్లుగా విడిపోతుంది. అలా 197 కాస్తా 195, 133 అవుతుంది. 205 కాస్తా 195, 141 అవుతుంది. ఎనిమిది బైట్ల ఆదేశం పది బైట్లై తీగలోకి వెళుతుంది. మీటరు సీఆర్‌సీ లెక్కకట్టి చూస్తుంది, పొసగదు, ఆదేశాన్ని పక్కన పడేసి మౌనంగా ఉండిపోతుంది. సీఆర్‌సీ పొసగని ఆదేశానికి జవాబు ఇవ్వకూడదన్నదే మోడ్‌బస్ నియమం కాబట్టి ఏ హెచ్చరికా రాదు.

ఆ మౌనమే నాకు అన్నింటికంటే బాధ కలిగించే విషయం. తీగ తెగినా, చిరునామా తప్పినా, వేగం కుదరకపోయినా, బైట్లు చెడినా విద్యార్థికి కనిపించేది ఒక్కటే: జవాబు రాలేదు. ప్రోగ్రాము ఏ తప్పూ చూపకుండా నడిచింది కదా అని అతడు తీగలను అనుమానిస్తాడు, ఆర్‌ఎస్-485లోని రెండు తీగలను అటూ ఇటూ మారుస్తాడు, యూఎస్‌బీ కన్వర్టరు చెడిపోయిందని కొత్తది కొంటాడు. చివరకు ‘ఈ పని నా వల్ల కాదు’ అనే నిర్ణయానికి వస్తాడు. తెలివైన పిల్లలు ఇలా వెనక్కి తగ్గడం నేను మా ప్రయోగశాలలో చూశాను. దీనికి తోడు, సీఆర్‌సీ బైట్లు రెండూ 128 కంటే తక్కువగా వచ్చిన ఆదేశం, మిగిలిన బైట్లు కూడా చిన్నవైతే, ఈ తప్పు పద్ధతిలో కూడా చక్కగా పనిచేస్తుంది. లెక్క ప్రకారం దాదాపు నాలుగింట ఒక వంతు ఆదేశాలు అలా గట్టెక్కుతాయి. ఒకటి పనిచేసి తరువాతది పనిచేయకపోతే, కారణం ప్రోగ్రాములో ఉందన్న అనుమానం అనుభవజ్ఞులకే త్వరగా రాదు.

నిజానికి పైథాన్ రూపకర్తలు ఈ ప్రమాదాన్ని గుర్తించే 2008 చివర్లో వెలువడిన మూడవ వెర్షనులో స్ట్రింగును, బైట్లను రెండు వేర్వేరు రకాలుగా విడదీశారు. పైథాన్‌లో సీరియల్ పోర్టును నడిపే నేటి పైసీరియల్ లైబ్రరీకి నేరుగా స్ట్రింగు ఇస్తే అది ఒప్పుకోదు, తప్పు చూపి ఆగిపోతుంది. ఆగిపోయిన ఆ క్షణంలో విద్యార్థి ‘నేను పంపవలసినవి అక్షరాలా, సంఖ్యలా?’ అని తనను తాను ప్రశ్నించుకోవాలి. మీ పాఠం మాత్రం ఎన్‌కోడ్ అనే మాట చేర్చితే తప్పు పోతుందని చెప్పి ఆ ప్రశ్నకు అవకాశం లేకుండా చేసింది. తెర మీద తప్పు పోయిన మాట నిజమే. తీగ మీద మాత్రం మొదలైంది.

సరైన పద్ధతి ఇంతకంటే తేలిక. ఎనిమిది సంఖ్యలను చదరపు బ్రాకెట్లలో జాబితాగా రాసి, ఆ జాబితాను బైట్స్ అనే ఫంక్షనుకు ఇచ్చి, వచ్చిన ఫలితాన్ని ఒకే ఒక్క రైట్‌తో పంపాలి. ఇక్కడ చదరపు బ్రాకెట్లు మరచిపోకూడదు. బ్రాకెట్లతో 10 ఇస్తే పది అనే విలువ గల ఒక్క బైటు వస్తుంది, బ్రాకెట్లు లేకుండా 10 ఇస్తే పది సున్నాలు వస్తాయి. జాబితాలో 255 దాటిన సంఖ్య ఉంటే పైథాన్ అక్కడే ఆపి చెబుతుంది. ఇది కూడా విద్యార్థికి మేలు చేసే గుణమే. ఒకే రైట్‌తో పంపమనడానికి కారణం ఉంది. మోడ్‌బస్‌లో మూడున్నర బైట్లు పట్టే కాలం పాటు తీగ నిశ్శబ్దంగా ఉంటే ఆదేశం ముగిసినట్లు లెక్క. 9600 బాడ్ వద్ద అది సుమారు నాలుగు మిల్లీసెకన్లు మాత్రమే. ఒక్కొక్క బైటు పంపి మధ్యలో కాస్త ఆగమని కొందరు సలహా ఇస్తుంటారు. ఆ ఆగడంతో ఒకే ఆదేశం ముక్కలు ముక్కలుగా తెగిపోతుంది.

మిగతా భాషల్లో ఇదే తప్పు వేర్వేరు రూపాల్లో కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి డాట్ నెట్‌లోని సీరియల్ పోర్టుకు మనం వేరుగా చెప్పనంతవరకు 127 వరకు విలువలు మాత్రమే తెలిసిన ఆస్కీ పద్ధతి అమలులో ఉంటుంది కాబట్టి స్ట్రింగులో ఉన్న 197, 205 రెండూ ప్రశ్నార్థకం గుర్తు విలువైన 63గా మారిపోతాయి. అందులో కూడా బైట్ల అర్రేను, అంటే బైట్ల జాబితాను తీసుకునే రైట్ ఉంది, దాన్నే వాడాలి. ఆర్డ్యూనో అనే చిన్న కంట్రోలరు బోర్డులో 197ను ప్రింట్‌తో పంపితే 49, 57, 55 అనే మూడు అంకెల గుర్తులు వెళతాయి, రైట్‌తో పంపితే 197 అనే ఒక్క బైటే వెళుతుంది. సీ భాషలో పొడవు తెలుసుకోవడానికి స్ట్రింగు ఫంక్షనును వాడితే అది మొదటి సున్నా దగ్గర ఆగిపోతుంది. మన ఆదేశంలో మూడవ బైటే సున్నా కాబట్టి 1, 3 మాత్రం బయలుదేరి మిగిలిన ఆరూ కంప్యూటరులోనే ఉండిపోతాయి. చాలా కంపైలర్లలో మామూలు క్యారెక్టరు రకం రుణ విలువలను కూడా పట్టుకుంటుంది, అందువల్ల వచ్చిన 197ను అది −59గా చూపుతుంది. అన్‌సైన్డ్ రకాన్ని వాడితే ఈ చిక్కు ఉండదు.

లినక్స్ విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మా వైపు విద్యార్థులు ఖర్చు తగ్గుతుందని రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్ల మీదనే ఈ పనులు మొదలుపెడుతున్నారు. అక్కడ సీరియల్ పోర్టు మనిషి కూర్చుని టైపు చేసే టెర్మినల్ వారసత్వంలో వచ్చింది. అందుకే ఏ అమరికా చేయకుండా పోర్టును తెరిస్తే, బయటకు వెళ్లే ప్రతి 10కి ముందు ఒక 13ను అది తనంతట తాను చేర్చుతుంది. మన ఆదేశంలో ఆరవ బైటు 10 కదా, ఎనిమిది బైట్లు తొమ్మిదవుతాయి. లోపలికి వచ్చే 13ను 10గా మారుస్తుంది. 3 వస్తే ప్రోగ్రామును ఆపమని ఎవరో కీబోర్డు మీద అడిగినట్లు భావించగలదు, అయితే మన మీటరు ఆ ఆదేశానికి ఇచ్చే మామూలు జవాబులో రెండవ బైటు ఎప్పుడూ 3. వచ్చిన జవాబును తిరిగి తీగ మీదికే ప్రతిధ్వనిలా పంపే అమరిక కూడా మొదట అమలులోనే ఉంటుంది. అన్నింటికంటే విచిత్రంగా కనిపించేది 17, 19 విలువల సంగతి. ప్రవాహాన్ని ఆపి నడిపే సంకేతాలుగా అవి కేటాయింపబడినవి కాబట్టి లినక్స్ వాటిని మింగేసి ప్రోగ్రాముకు అందించదు. ఒకే తీగ మీద ఇరవై మీటర్లు వరుసగా ఉండి పదిహేడవదీ పందొమ్మిదవదీ మాత్రమే సరిగా చదవలేకపోతే ఆ రెండు మీటర్లూ చెడ్డవని తేల్చి మార్చివేసే ప్రమాదం ఉంది. జవాబు మొదటి బైటు చిరునామాయే అని, ఆ బైటునే కంప్యూటరు తీసేసిందని తెలిసిన వారికి ఇది ఒక్క పంక్తి మార్పుతో పోయే సమస్య. పోర్టును ‘రా’ (raw) స్థితిలో పెట్టడమంటే ఈ మార్పులన్నింటినీ ఒకేసారి మానుకోమని చెప్పడం. పైసీరియల్ ఈ పనిని తానే చేసుకుంటుంది, సీ భాషలో రాసేవారు మాత్రం తప్పక స్వయంగా చేయాలి.

డేటా బిట్ల సంఖ్యను కూడా ఇక్కడే చూసుకోవాలి. ఏడు డేటా బిట్లతో పనిచేసే తూకపు యంత్రం కోసం చేసిన అమరికను మార్చకుండా అదే పోర్టుకు మీటరును కలిపితే పై బిట్ పోయి 197 కాస్తా 69 అవుతుంది.

మీ పాఠకులకు మరింత దగ్గరైన ఉదాహరణ బిల్లులు అచ్చువేసే థర్మల్ ప్రింటరు. బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ ఒకే వీధిలో తెలుగు బోర్డూ ఒడియా బోర్డూ పక్కపక్కన కనిపిస్తాయి, బిల్లు మీద సరుకు పేరు కొనేవారి లిపిలో ఉండాలని దుకాణదారులు కోరుకోవడం న్యాయమే. యూటీఎఫ్-8లో తెలుగు ‘క’ 224, 176, 149 అనే మూడు బైట్లు. ఒడియా ‘క’ 224, 172, 149 అనే మూడు బైట్లు. మధ్య బైటులో నాలుగు తేడా తప్ప రెండూ ఒక్కటే. లిపుల అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో మన లిపుల అక్షరాలను ఒకే వరుసలో సమాంతరంగా అమర్చినందువల్ల ఇలా కుదిరింది. గజపతి, రాయగడ జిల్లాల సవరల సోరాంగ్ సోంపెంగ్ లిపికైతే అక్షరానికి నాలుగేసి బైట్లు కావాలి. అక్షరానికి ఒక బైటు అన్న ఊహ మన ప్రాంతంలో మన సొంత అక్షరాల దగ్గరే నిలవదు. సాధారణంగా దొరికే చిన్న థర్మల్ ప్రింటర్లకు ఈ లిపులు తెలియవు కాబట్టి ఆ బైట్లను యథాతథంగా పంపితే పిచ్చి గుర్తులు పడతాయి. మాటను ముందుగా కంప్యూటరులోనే బొమ్మగా గీసి, ఆ బొమ్మలోని చుక్కలను బైట్లుగా పంపాలి. 58 మిల్లీమీటర్ల కాగితపు ప్రింటరులో అడ్డంగా 384 చుక్కలుంటాయి, ఎనిమిది చుక్కలకు ఒక బైటు చొప్పున పంక్తికి 48 బైట్లు. పూర్తిగా నల్లనైన ఎనిమిది చుక్కలు 255, ఎడమ చివరి ఒక్క చుక్క 128. ఇటువంటి బొమ్మలో సున్నాలు, పదులు, 128 దాటిన విలువలు ఎక్కడ పడితే అక్కడ వస్తాయి. మధ్యలో ఎవరో ఒక 13ను చేర్చితే అక్కడినుంచి కింది భాగమంతా ఎనిమిది చుక్కల మేర పక్కకు జరిగి, అక్షరాల నడుము విరిగినట్లు అచ్చవుతుంది. మీటరు విషయంలో మౌనంగా ఉండే తప్పు ఇక్కడ కాగితం మీద కంటికి కనబడుతుంది. తరగతిలో ఈ పాఠం చెప్పదలచుకున్న అధ్యాపకులు ప్రింటరుతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

పరీక్షించే విధానాన్ని కూడా పాఠంలో చేర్చవలసిందిగా కోరుతున్నాను. తొమ్మిది పిన్నుల ఆర్‌ఎస్-232 కనెక్టరులో రెండవ, మూడవ పిన్నులను చిన్న తీగతో కలిపితే పంపినది తిరిగి మనకే వస్తుంది. అప్పుడు ‘హలో’ వంటి మాట పంపి అదే వచ్చిందని తృప్తి పడితే లాభం లేదు. పంపేటప్పుడు ఎన్‌కోడ్, తీసుకునేటప్పుడు డీకోడ్ చేస్తే రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకుంటాయి. సున్నా నుంచి 255 వరకు ఉన్న అన్ని విలువలనూ వరుసగా పంపి, వచ్చిన వాటిని సంఖ్యలుగానే తెర మీద చూడాలి. సరిగ్గా 256 బైట్లు అదే వరుసలో వస్తే దారి శుభ్రంగా ఉన్నట్లు. 384 వస్తే ఎక్కడో యూటీఎఫ్-8 మార్పు జరుగుతోంది, రెండవ సగమంతా 63 అయితే ఆస్కీ అడ్డుపడుతోంది, 17, 19 కనిపించకపోతే ప్రవాహ నియంత్రణను ఆపాలి, 10 దగ్గర అదనపు బైటు వస్తే పోర్టు ఇంకా ‘రా’ స్థితికి రాలేదు. ఇంత చవకగా ఇంత స్పష్టంగా తప్పును పట్టిచ్చే పరీక్ష మరొకటి నాకు తెలియదు. ఖర్చు ఒక తీగ ముక్క మాత్రమే.

పాఠం రాసినవారి శ్రమను తక్కువ చేయాలన్నది నా ఉద్దేశం కాదు. తెలుగులో ఇటువంటి విషయాలు రాసేవారు ఎంత అరుదో సరిహద్దుకు ఇవతల ఉన్న మాకు మరింత బాగా తెలుసు. ఆ పాఠంలోని ‘ఏ పరికరానికైనా’ అన్న మాటను తొలగించి, పరికరం మాన్యువల్‌లో ఆదేశాలు అక్షరాల రూపంలో ఇచ్చారో సంఖ్యల రూపంలో ఇచ్చారో ముందు చూసుకోవాలని చేర్చి, సంఖ్యలైతే బైట్ల అర్రేగా పంపే పద్ధతిని తరువాతి సంచికలో ప్రచురించవలసిందిగా మనవి. మోడ్‌బస్‌లోనే అక్షరాలతో నడిచే మరో రకం ఉంది కాబట్టి, పద్ధతి పేరు ఒక్కటే చూసి నిర్ణయించుకోకూడదన్న సూచన కూడా అవసరం. పైన చెప్పిన 256 విలువల పరీక్షకు పైథాన్‌లోనూ సీ భాషలోనూ చిన్న ప్రోగ్రాములు మా ప్రయోగశాలలో సిద్ధంగా ఉన్నాయి. ప్రతి పంక్తికీ తెలుగులో వివరణ రాసి ఉంది. మీరు కోరితే వెంటనే పంపగలను.

భవదీయుడు,
ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.